హైదరాబాద్ చెరువు కట్ట కాలనీలు, వాటి సంక్షేమ సంఘాలు

చెరువు కట్ట కిందనో, నీరు నిలిచే శిఖం అంచునో, ఎగువ నుంచి నీళ్లు వచ్చే కాలువ పక్కనో వెలసిన నివాస ప్రాంతాలను ఈ వ్యాసంలో చెరువు కట్ట కాలనీలు అంటున్నాం. హైదరాబాద్‌లో సరూర్‌నగర్, సఫిల్‌గూడ, కాప్రా, రామంతాపూర్, మాదాపూర్, కొంపల్లి, అమీన్‌పూర్ వంటి చోట్ల ఇలాంటి కాలనీలు గుంపులు గుంపులుగా కనిపిస్తాయి. వీటిలో చాలావరకు ఇరవయ్యో శతాబ్దం చివరి నలభై ఏళ్లలో పుట్టినవే. ప్రతి కాలనీకీ ఒక సంక్షేమ సంఘం ఉంటుంది. రోడ్డు, మంచినీరు, మురుగు కాలువ, వీధి దీపం కోసం మొదలైన ఈ సంఘాలు కాలక్రమంలో పక్కనున్న చెరువుతో తలపడక తప్పలేదు. కొన్ని చెరువు మీదికి జరిగాయి, కొన్ని చెరువు కోసం కోర్టుకెక్కాయి, కొన్ని రెండూ చేశాయి. సేద్యం పోయాక దిక్కులేనిదైన చెరువుకు ఈ సంఘాలే వారసులు కావలసి వచ్చింది. హైదరాబాద్ నగర చరిత్రలో ఇది తగినంతగా రాయని అధ్యాయం.

గొలుసుకట్టు చెరువు

దక్కన్ పీఠభూమిలో హైదరాబాద్ ప్రాంతానికి ఏడాదికి సగటున 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అదీ ఎక్కువగా జూన్ నుంచి అక్టోబరు దాకానే. రాతి నేల కావడంతో పడిన నీరు త్వరగా జారిపోతుంది. ఆ నీటిని పట్టి నిలిపేందుకు కాకతీయుల కాలం నుంచి ఈ నేల మీద చెరువులు తవ్వుతూ వచ్చారు. ఏ చెరువూ ఒంటరిది కాదు. ఎగువ చెరువు నిండితే మత్తడి దూకి, వాగు గుండా దిగువ చెరువులోకి చేరుతుంది. ఇదే గొలుసుకట్టు.

చెరువుకు ఐదు అంగాలు. నీటిని ఆపేది కట్ట. పొలాలకు వదిలేది తూము. మిగులు నీరు పోయేది మత్తడి, దీన్నే అలుగు అని కూడా అంటారు. నీరు నిలిచే నేల శిఖం. తూము కింద పారే పొలం ఆయకట్టు. తూము ఎత్తడం, దించడం, మడి మడికీ నీళ్లు పంచడం నీరటి పని. అందుకు పంటలో అతనికి వాటా ఉండేది. చెరువు తవ్వించినవారికి, బాగుచేయించినవారికి దాని కింది భూమిలో కొంత భాగాన్ని మాన్యంగా ఇచ్చే దశబంధం పద్ధతి తెలుగు నేలపై చాలా చోట్ల ఉండేది. ఏటా ఎండాకాలంలో రైతులు పూడిక తీసి ఆ మట్టిని పొలాలకు తోలుకునేవారు. కట్ట మీద వెలసిన కట్ట మైసమ్మే చెరువుకు కాపలా. హుస్సేన్‌సాగర్ కట్ట కింద లోయర్ ట్యాంక్‌బండ్‌లో ఉన్న కట్ట మైసమ్మ గుడికి ఇప్పటికీ బోనాలు ఎత్తుతున్నారు. బతుకమ్మను సాగనంపేదీ చెరువులోనే.

పని చేసేవారు, ఫలం అనుభవించేవారు, పూజించేవారు ఒక్కరే కావడం వల్ల ఆ వ్యవస్థ శతాబ్దాల పాటు నిలిచింది. కాలనీల కాలంలో విడిపోయింది ఈ ముడే.

చెరువుల మధ్య నగరం

నగరానికి పునాది పడకముందే ఇక్కడ చెరువు ఉంది. ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో, 1562లో, హుస్సేన్ షా వలీ పర్యవేక్షణలో హుస్సేన్‌సాగర్ తయారైంది. మూసీ నుంచి కాలువ ద్వారా దాన్ని నింపేవారు. హైదరాబాద్ పుట్టింది 1591లో. పందొమ్మిదో శతాబ్దం తొలినాళ్లలో కట్టకు ఉత్తరాన బ్రిటిష్ సైనిక స్థావరం చుట్టూ సికింద్రాబాద్ పెరిగింది. మూడో నిజాం సికందర్ జా పేరు మీద 1806లో ఆ ఊరికి పేరు పెట్టారు. అప్పటి నుంచి హుస్సేన్‌సాగర్ కట్టే జంట నగరాలను కలిపే దారి అయింది.

నగరానికి నైరుతిన ఉన్న మీర్ ఆలం చెరువు మరో అద్భుతం. నిజాం ప్రధాని మీర్ ఆలం పేరున పందొమ్మిదో శతాబ్దపు తొలి దశకంలో కట్టిన దీని ఆనకట్ట తిన్నగా ఉండదు. 21 అర్ధచంద్రాకారపు కమానులు వరుసగా నీటి ఒత్తిడిని పంచుకుంటాయి. ఉస్మాన్‌సాగర్ రాకముందు పాత నగరానికి తాగునీరు ఇచ్చింది ఈ చెరువే.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరాన్ని ముంచేసింది. వేలమంది చనిపోయారు. ఎగువ పరీవాహకంలో చెరువులు ఒకదాని వెనుక ఒకటి తెగడం ఆ ఉప్పెనకు బలం ఇచ్చింది. గొలుసులో ఒక కొక్కెం ఊడితే కింది ఊళ్లన్నీ మునుగుతాయన్న సత్యాన్ని నగరం ఆనాడే చూసింది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో వరద నివారణకు జలాశయాల పథకం తయారైంది. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి ఇరుకు బస్తీలను తీసేసి కొత్త ఇళ్ల వరుసలు కట్టింది. ప్రణాళిక ప్రకారం కాలనీ కట్టడం ఈ నగరంలో అలా మొదలైంది.

జలాశయాల నీరు కొళాయిల్లోకి రావడం మేలే. అయితే పక్క చెరువుతో ఇంటికున్న బంధం అక్కడి నుంచే సడలింది. తర్వాత మంజీరా, కృష్ణా, గోదావరి నీళ్లు వచ్చే కొద్దీ ఆ బంధం పూర్తిగా తెగింది.

పేర్లలో మిగిలిన నీళ్లు

పోయిన చెరువుల జాబితా నగరం పేర్లలోనే దొరుకుతుంది. మాసబ్ ట్యాంక్ అంటే మా సాహెబా తలాబ్. ఈరోజు అక్కడ చెరువు లేదు, పార్కు ఉంది. యూసుఫ్‌గూడ చెరువు ఉన్న చోట కృష్ణకాంత్ పార్కు వచ్చింది. నల్లకుంట, చింతలకుంట, తలాబ్‌కట్ట, ఎర్రకుంట అంటూ బస్సు బోర్డుల మీద కుంటలూ కట్టలూ ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. చిరునామాలో కుంట ఉన్నచోట వానాకాలంలో నీరు నిలవడం వింత కాదు. నీరు తన పాత జాగా మరిచిపోదని పెద్దలు ఊరకే అనలేదు.

కాలనీలు ఎలా పుట్టాయి

స్వాతంత్ర్యం తర్వాత హైదరాబాద్ చుట్టూ కేంద్ర ప్రభుత్వ రంగ పరిశ్రమలు వచ్చాయి. 1960లలో ఐడీపీఎల్, బీహెచ్ఈఎల్, ఈసీఐఎల్, హెచ్ఎంటీ వరుసగా మొదలయ్యాయి. రక్షణ పరిశోధన సంస్థలు తోడయ్యాయి. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రాజధాని ఇక్కడికి వచ్చాక సచివాలయ ఉద్యోగులు, అధ్యాపకులు, బ్యాంకు సిబ్బంది పెరిగారు. వీరందరికీ ఇళ్లు కావాలి. సహకార గృహనిర్మాణ సంఘం పెట్టుకోవడం, ఊరి బయట రైతుల దగ్గర భూమి కొనడం, ప్లాట్లు చేసి సభ్యులకు లాటరీలో పంచడం అప్పటి దారి. మాజీ సైనికుల కోసం సైనిక్‌పురి, ఈసీఐఎల్ ఉద్యోగులతో నిండిన ఏఎస్ రావు నగర్ ఈ తరహాలో కాప్రా చెరువు సమీపంలో పెరిగాయి. ఈసీఐఎల్ స్థాపకుడు ఏఎస్ రావు పేరే ఆ కాలనీకి నిలిచింది. మరోవైపు హౌసింగ్ బోర్డు కూకట్‌పల్లిలో పెద్ద కాలనీ కట్టింది.

ఊరి బయట చవకగా దొరికే భూమి ఎక్కడుంటుంది? సేద్యం మానేసిన ఆయకట్టులో ఉంటుంది. నగరం దగ్గరయ్యే కొద్దీ వరి పండించడం కంటే గజాల్లో అమ్ముకోవడం రైతుకు లాభసాటి అయింది. ఆయకట్టు పోవడంతో తూము అవసరం పోయింది. తూము మూసేసినా అడిగేవారు లేరు. ఆయకట్టు నిండాక శిఖం వంతు వచ్చింది.

శిఖం భూముల చిక్కు ఇక్కడే ఉంది. కొన్ని చెరువుల్లో శిఖం పూర్తిగా సర్కారుది. మరికొన్నిటిలో శిఖం పట్టాలున్నాయి. నీళ్లు వెనక్కి తగ్గాక ఆ నేలలో పంట వేసుకునే హక్కు పట్టాదారుకు ఉంటుంది. ఇల్లు కట్టే హక్కు ఉండదు. కానీ భూమి రికార్డు అయిన పహాణీలో పేరుంటే అమ్మకానికి అడ్డేమిటని మధ్యవర్తులు ప్లాట్లు చేశారు. వరుసగా కరువు వచ్చిన ఏళ్లలో చెరువు ఎండిపోయి మైదానంలా కనిపించేది. కొనేవారికి అది చెరువని తెలిసేది కాదు. నోటరీ కాగితం మీద, జీపీఏ అనే అధికార పత్రం మీద, పంచాయతీ లేఅవుట్ మీద వేలాది ప్లాట్లు చేతులు మారాయి. కొన్నవారిలో ఎక్కువమంది జీవితకాలపు పొదుపును పెట్టిన చిన్న ఉద్యోగులు. అమ్మినవారు వెళ్లిపోయారు, నీళ్లు మాత్రం ఇల్లు కట్టుకున్నవారి గడపకే వచ్చాయి.

1976 నాటి పట్టణ భూ గరిష్ఠ పరిమితి చట్టం, తర్వాత 2007 డిసెంబరులోనూ 2015లోనూ 2020లోనూ వచ్చిన లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకాలు ఈ కథకు మరిన్ని మలుపులు ఇచ్చాయి. శిఖం హద్దులోని ప్లాట్లకు క్రమబద్ధీకరణ వర్తించదు. అయినా పన్ను రసీదు, కరెంటు మీటరు, నల్లా కనెక్షను ఒక్కొక్కటిగా చేరేసరికి ఇల్లు సక్రమమే అన్న నమ్మకం యజమానికి స్థిరపడింది. ఒక శాఖ ఇచ్చిన కాగితాన్ని మరో శాఖ కాదనడం ఈ కాలనీల ప్రజలు దశాబ్దాలుగా పడుతున్న బాధ.

సంక్షేమ సంఘం: చట్టం, నిర్మాణం

తెలంగాణ ప్రాంతంలో సంఘాల నమోదు మొదట 1350 ఫసలీ నాటి హైదరాబాద్ చట్టం కింద జరిగేది. దాని స్థానంలో 2001లో ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం వచ్చింది. కనీసం ఏడుగురు కలిసి బైలాలు రాసుకుని జిల్లా రిజిస్ట్రార్ దగ్గర నమోదు చేసుకోవచ్చు. అపార్ట్‌మెంట్లకు 1987 చట్టం ప్రకారం యజమానుల సంఘం ఉండాలి. వీటిలో కొన్ని 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద నమోదవుతాయి. భూమి కొని పంచిన సహకార గృహనిర్మాణ సంఘాలు 1964 సహకార చట్టం కిందివి. ప్లాట్ల పంపకం అయ్యాక ఆ సంఘం పని ముగుస్తుంది. నివాసుల అవసరాలు అప్పుడే మొదలవుతాయి. అందుకే చాలా కాలనీల్లో పాత సొసైటీ, కొత్త సంక్షేమ సంఘం రెండూ ఉంటాయి. పార్కు జాగా ఎవరి చేతిలో ఉండాలన్న తగువు తరచూ ఈ రెంటి మధ్యే వస్తుంది.

సంఘానికి అధ్యక్షుడు, ప్రధాన కార్యదర్శి, కోశాధికారి, కార్యవర్గ సభ్యులు ఉంటారు. ఏటా సర్వసభ్య సమావేశం పెట్టి లెక్కలు చదవాలి. నెలసరి చందాయే ఆదాయం. రిటైరైన ఉద్యోగులే ఎక్కువగా బాధ్యతలు తీసుకుంటారు. దరఖాస్తు రాయడం, ఫైలు వెంట తిరగడం వారికి అలవాటైన విద్య కావడం అందుకు ఒక కారణం.

ఒక్కో కాలనీ గొంతు వినపడనప్పుడు సమాఖ్యలు పుట్టాయి. సికింద్రాబాద్ ఈశాన్య ప్రాంతంలోని సైనిక్‌పురి పరిసర కాలనీల సమాఖ్య, నగరమంతటికీ వర్తించే నివాసుల సంక్షేమ సంఘాల ఐక్య సమాఖ్య ఇలాంటివి. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ వార్డు కమిటీలకు చోటిచ్చింది. కానీ వార్డు స్థాయి నిర్ణయాల్లో కాలనీ సంఘానికి నేరుగా అధికారం ఏదీ లేదు. దాని బలమంతా ఒత్తిడి తేవడంలోనూ పట్టు విడవకపోవడంలోనూ ఉంది.

సంఘం ఏమి చేస్తుంది

తొలి పదేళ్లు పోరాటమంతా మట్టి రోడ్డు, మంచినీటి పైపు, బస్సు కోసమే. 1997 జనవరిలో మొదలైన జన్మభూమి కార్యక్రమంలో ప్రజల వాటా చెల్లించి సిమెంటు రోడ్లు వేయించుకున్న కాలనీలున్నాయి. తర్వాతి దశలో కమ్యూనిటీ హాలు, పార్కు, వినాయక మండపం, బతుకమ్మ ఆట, పోలీసుల ‘నేను సైతం’ పథకం కింద సీసీ కెమెరాలు వచ్చాయి.

చెరువు పక్కనున్న సంఘానికి వీటికి తోడు మరో చిట్టా ఉంటుంది. మొదటిది దోమలు. గుర్రపుడెక్క నీటిని కప్పేస్తే దోమ లార్వాలకు నీడ దొరుకుతుంది. దుర్వాసన రెండోది. చెరువులోకి చేరే మురుగులో భాస్వరం, నత్రజని ఎక్కువై నాచు విపరీతంగా పెరుగుతుంది. అది కుళ్లేటప్పుడు నీటిలో ప్రాణవాయువు తగ్గి చేపలు తేలిపోతాయి. రాత్రిళ్లు ట్రాక్టర్లు తెచ్చి పోసే భవన వ్యర్థాలు మరో బెడద. చెరువును ఒకేసారి ఎవరూ మింగరు. అంచున మట్టి పోస్తారు, ఏడాది ఆగుతారు, రేకుల షెడ్డు వేస్తారు, ఆ తర్వాత ప్రహరీ లేస్తుంది. ఈ క్రమాన్ని రోజూ ఉదయం నడకకు వచ్చే నివాసి కంటే ముందు ఏ అధికారీ చూడలేడు. సంఘం విలువ అక్కడుంది.

ఇంకో నిజమూ చెప్పాలి. చెరువులోకి వెళ్లే మురుగు చాలావరకు ఆ కాలనీల ఇళ్లదే. భూగర్భ డ్రైనేజీ లేని రోజుల్లో ఇంటి మురుగు పైపును వాన కాలువలోకి కలిపారు. ఆ కాలువ చెరువులోకి పోయేది. హుస్సేన్‌సాగర్‌కు కూకట్‌పల్లి నాలా పారిశ్రామిక వాడల కాలుష్యాన్ని, ఇళ్ల మురుగును కలిపి తెచ్చింది. చెరువు కంపు కొడుతోందని దరఖాస్తు పెట్టిన సంఘం, తన వీధి మురుగు ఎక్కడికి పోతోందో కూడా చూసుకోవాలి.

వరదలు నేర్పిన పాఠం

2000 ఆగస్టు 24న హైదరాబాద్‌లో ఒక్కరోజే 24 సెంటీమీటర్ల వాన పడింది. హుస్సేన్‌సాగర్ మిగులు నాలా వెంట ఉన్న బస్తీలు, లోతట్టు కాలనీలు మునిగాయి. నాలాల వెడల్పు మీద అధ్యయనాలు జరిగాయి, అమలు నత్తనడక నడిచింది.

2020 అక్టోబరు 13, 14 తేదీల్లో మళ్లీ కుండపోత కురిసింది. సరూర్‌నగర్ చెరువు దిగువన కోదండరాంనగర్, సీసాల బస్తీ మునిగాయి. కొంపల్లి దగ్గర ఫాక్స్‌సాగర్ నిండి ఉమామహేశ్వర కాలనీ వారాల తరబడి నీళ్లలోనే ఉండిపోయింది. పాతబస్తీ వైపు అల్ జుబైల్ కాలనీలో పడవలు తిరిగాయి. ఆ వారంలోనే బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్ బాబానగర్ పరిసరాలను ముంచింది. పేర్లు వేరు, కారణం ఒకటే. చెరువు నిండింది, మత్తడి నీరు పోవలసిన దారిలో ఇళ్లున్నాయి. 2021లో ప్రభుత్వం వ్యూహాత్మక నాలా అభివృద్ధి కార్యక్రమం ప్రకటించి పలుచోట్ల బాక్స్ డ్రెయిన్లు కట్టించింది.

ఎగువ కాలనీ ప్రజలు చెరువు తూము ఎత్తమని, దిగువ కాలనీ ప్రజలు ఎత్తవద్దని ఒకే రాత్రి అధికారులను ప్రాధేయపడే పరిస్థితి వానాకాలంలో ఉంది. ఒకప్పుడు ఈ తగువు తీర్చేందుకు నీరటి ఉండేవాడు. ఈరోజు ఆ స్థానంలో ఎవరూ లేరు. గొలుసులోని చెరువుల సంఘాలన్నీ కలిసి మాట్లాడుకునే వేదిక లేకపోవడం ఈ వ్యవస్థలో పెద్ద లోటు.

చట్టాలు, కోర్టులు

చెరువు హద్దుకు కొలమానం పూర్తి నీటి మట్టం. దీన్నే అందరూ ఎఫ్‌టీఎల్ అంటారు. మత్తడి దూకే స్థాయికి నీరు వచ్చినప్పుడు ఎంత మేర పరుచుకుంటుందో అదే ఎఫ్‌టీఎల్ గీత. దాని బయట బఫర్ ఉంటుంది. 2012 నాటి భవన నిర్మాణ నియమాల ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువులకు 30 మీటర్లు, అంతకంటే చిన్న చెరువులకూ కుంటలకూ 9 మీటర్లు బఫర్‌గా వదలాలి. 2002 నాటి నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం, వాల్టా, చెరువుల రక్షణకు మరో ఆధారం.

హైకోర్టు ఆదేశంతో 2010లో చెరువుల పరిరక్షణ కమిటీ ఏర్పడింది. మహానగరాభివృద్ధి సంస్థ హెచ్ఎండీఏ పరిధిలో 3,132 జలవనరులను గుర్తించి, సర్వే చేసి, ఎఫ్‌టీఎల్ హద్దులను నోటిఫై చేసే పని ఆ కమిటీది. నగర పాలక సంస్థ జీహెచ్ఎంసీ అప్పటి లెక్కలో నగరంలోని చెరువులు 185. ముందు ప్రాథమిక నోటిఫికేషన్, అభ్యంతరాల స్వీకరణ, ఆపై తుది నోటిఫికేషన్ వస్తాయి. సంఘాలు ఎక్కువగా కలగజేసుకోవలసింది ఈ అభ్యంతరాల దశలోనే. తుది గీత పడ్డాక ఇటు చెరువుకూ అటు ఇంటి యజమానికీ స్పష్టత వస్తుంది. అది తేలనంత కాలం ఇద్దరికీ నష్టమే.

కోర్టుల పాత్ర పెద్దది. 1987లో దామోదరరావు కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, ప్రణాళికలో విహార స్థలంగా ఉంచిన భూమిలో ఇళ్లు కట్టకూడదని తీర్పిచ్చి, మంచి పరిసరాలు జీవించే హక్కులో భాగమని చెప్పింది. ఆ వ్యాజ్యం వేసినవారు నగరవాసులే. 1996 మార్చి 8న వచ్చిన జీవో 111 ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చుట్టూ 10 కిలోమీటర్ల మేర 84 గ్రామాల్లో నిర్మాణాలపై ఆంక్షలు పెట్టింది. ఆ పరిధిలో నూనె కర్మాగారం పెట్టబోతే పౌర సంఘాలు ఎదిరించాయి. 1999, 2000 తీర్పుల్లో సుప్రీంకోర్టు జలాశయాల వైపు నిలిచింది. ముందుజాగ్రత్త సూత్రం మన దేశ న్యాయశాస్త్రంలో బలపడిన తీర్పుల్లో ఇది ఒకటి. 2022 ఏప్రిల్‌లో జీవో 69 ద్వారా ప్రభుత్వం ఆ ఆంక్షలను తొలగించింది. రామంతాపూర్ పెద్దచెరువు దుస్థితిపై 2005లో అందిన ఒక లేఖను హైకోర్టు ప్రజాప్రయోజన వ్యాజ్యంగా తీసుకుంది. ఒక ఉత్తరం ఇరవై ఏళ్ల విచారణకు దారితీయడం పౌరుడి కలానికి ఉన్న శక్తి ఎంతో చెబుతుంది.

2024 జులైలో ప్రభుత్వం విపత్తుల ప్రతిస్పందనకు, ప్రజా ఆస్తుల రక్షణకు హైడ్రా అనే సంస్థను ఏర్పాటు చేసింది. అవుటర్ రింగ్ రోడ్డు దాకా దాని పరిధి. మాదాపూర్ తమ్మిడికుంట దగ్గరి నిర్మాణాల కూల్చివేతతో అది ఇంటింటా చర్చకు వచ్చింది. చెరువు దక్కుతోందని సంతోషించినవారూ, ఇల్లు పోతుందేమోనని నిద్ర మానినవారూ ఒకే వీధిలో ఉన్నారు. కాలనీ సంఘాల సమావేశాలు ఆ ఏడాది కిటకిటలాడాయి.

పునరుద్ధరణ ప్రయత్నాలు

సంగారెడ్డి జిల్లాలోని అమీన్‌పూర్ చెరువుకు 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశం హోదా దక్కింది. దేశంలో పట్టణ ప్రాంతపు జలవనరుకు ఈ గుర్తింపు రావడం అదే మొదలు. స్థానికులు, పక్షి ప్రేమికులు, అధికారులు కలిసి చేసిన కృషి అది. నెక్నాంపూర్ చెరువులో ధ్రువాంశ్ అనే స్వచ్ఛంద సంస్థ తేలియాడే మొక్కల తెప్పలు కట్టింది. వాటి వేర్లు నీటిలోని మలినాలను పీల్చుకుంటాయి. గోల్కొండ కోటకు నీరిచ్చిన దుర్గంచెరువు చుట్టూ నడకదారి వచ్చింది, 2020 సెప్టెంబరులో తీగల వంతెన వచ్చింది. అంబర్‌పేటలో పూడిపోయి వివాదంలో చిక్కిన బతుకమ్మకుంటను 2025లో తవ్వి తిరిగి నీళ్లతో నింపారు. తవ్వినప్పుడు కొద్ది అడుగుల లోతునే నీరు ఊరడం చూసి పాతకాపులు కళ్లొత్తుకున్నారు.

సుందరీకరణ వేరు, పునరుద్ధరణ వేరు. చుట్టూ కాంక్రీటు నడకదారి, దీపాలు, ఫౌంటెన్ పెట్టి, లోపలికి నీరొచ్చే దారి మూస్తే అది తొట్టి అవుతుంది. చెరువుకు ముందు కావలసింది మురుగును దారి మళ్లించడం, శుద్ధి కేంద్రం సరిగా నడవడం, వాన నీటి కాలువ తెరిచి ఉండడం, మత్తడి నుంచి దిగువకు దారి ఖాళీగా ఉండడం. అంచున లోతు తక్కువున్న మడుగు కూడా అవసరమే. కొంగలు, నీటికోళ్లు వాలేది అక్కడే. ఈ నాలుగైదు విషయాలు తెలిసిన సంఘం గుత్తేదారు తెచ్చిన నమూనా బొమ్మకు వెంటనే తలూపదు.

కాలనీ, బస్తీ, చేపలు పట్టేవారు

చెరువు చుట్టూ ఉన్నవారందరూ కాలనీ సంఘంలో సభ్యులు కారు. కట్ట పక్కన గుడిసెలు వేసుకున్న బస్తీవాసులు, చేపలు పట్టే గంగపుత్రులు, ముదిరాజ్‌లు, బట్టలుతికే రజకులు, గేదెలు మేపుకునేవారు కాలనీ కంటే ముందు నుంచీ అక్కడున్నారు. మత్స్యకారుల సహకార సంఘాలకు చాలా చెరువుల్లో చేపల హక్కులున్నాయి. కంచె వేసి గేటు పెట్టి టికెట్ పెడితే వీరి బతుకుదారి మూసుకుపోతుంది. కూల్చివేతలు వచ్చినప్పుడు లాయరును పెట్టుకునే స్థోమత కాలనీకి ఉంటుంది, బస్తీకి ఉండదు. చెరువు కమిటీలో మత్స్యకారులకూ బస్తీకీ చోటిస్తే కాపలా మనుషులు పెరుగుతారు, తగాదాలు తగ్గుతాయి.

ఇతర తెలుగు నగరాలు

ఈ కథ హైదరాబాద్‌కే పరిమితం కాదు. వరంగల్‌లో కాకతీయుల నాటి భద్రకాళి చెరువు కట్టకు 2023 జులై వానల్లో గండి పడి దిగువ కాలనీలు భయంతో గడిపాయి. నెల్లూరు స్వర్ణాల చెరువు ఒడ్డున రొట్టెల పండుగ జరుగుతుంది, ఆ పక్కనే నగరం విస్తరించింది. ఖమ్మం లకారం చెరువు నగరవాసుల విహార స్థలమైంది. విజయవాడలో చెరువు కాదు గానీ బుడమేరు వాగు 2024 సెప్టెంబరు మొదట్లో సింగ్‌నగర్ ప్రాంతాన్ని రోజుల తరబడి ముంచి ఇదే పాఠం చెప్పింది.

మదింపు

చెరువు కట్ట కాలనీల అరవై ఏళ్ల చరిత్రలో తప్పు ఒక్కరిది కాదు. ప్లాటు చేసి అమ్మినవారు, కళ్లు మూసుకుని అనుమతిచ్చినవారు, తెలిసీ తెలియక కొన్నవారు, మురుగు కలిపినవారు అందరూ అందులో ఉన్నారు. అయితే ఈ రోజున చెరువును రోజూ చూసేది కాలనీ ప్రజలే. నీళ్లు తగ్గితే వారి బోర్లే ఎండుతాయి, కట్ట తెగితే వారి ఇళ్లే మునుగుతాయి. పాత రోజుల్లో ఆయకట్టు రైతుకు చెరువుతో ఎంత ముడి ఉండేదో ఇప్పుడు వీరికీ అంతే ఉంది.

అందుకే ప్రతి సంక్షేమ సంఘం తన బైలాల్లో చెరువును ఒక బాధ్యతగా రాసుకోవాలి. ఎఫ్‌టీఎల్ పటం ఒకటి కార్యాలయం గోడకు తగిలించాలి. వానలకు ముందు మత్తడి, నాలా చూసి రావాలి. ఎగువ, దిగువ సంఘాలతో ఏడాదికి ఒక్కసారైనా కూర్చుని మాట్లాడుకోవాలి. నీరటి పోయిన చోట మనమే నిలబడాలి.